హార్మోన్ గర్భనిరోధకాలు, స్త్రీలలో తాత్కాలికంగా జుట్టు రాలడం

గర్భం రాకుండా ఉండేందుకు స్త్రీలు వాడే మాత్రలు, ఇంజెక్షన్లు, చర్మం కింద అమర్చే కడ్డీలు, గర్భాశయంలో ఉంచే హార్మోన్ సాధనాలు మొదలైనవాటి వాడకంతో గాని, వాటిని మానడంతో గాని ముడిపడి, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు తలవెంట్రుకలు మామూలు కంటే ఎక్కువగా రాలి, ఆ తరువాత తిరిగి మొలిచే స్థితి ఈ వ్యాస విషయం. ఇది ప్రాణాపాయం లేని దుష్ఫలితం, సాధారణంగా తాత్కాలికం. అయినప్పటికీ స్త్రీలు తమకు సరిపడిన పద్ధతిని మధ్యలోనే వదిలేయడానికి ఇదొక కారణం కావడం వల్ల చర్మవైద్యంలోనూ, కుటుంబ నియంత్రణ సేవలలోనూ దీనికి ప్రాధాన్యం ఉంది.

వాడుకలో "మాత్రల వల్ల జుట్టు ఊడింది" అనే ఒక్క మాటలో ఇమిడిపోయే ఈ స్థితి నిజానికి ఒకే ప్రక్రియ కాదు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధకాన్ని మానిన రెండు మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా రాలడం ఒకటి. పురుష హార్మోన్ లక్షణం కలిగిన ప్రొజెస్టిన్‌ను (ప్రొజెస్టెరోన్ వంటి కృత్రిమ హార్మోన్‌ను) వాడుతున్న కాలంలో జుట్టు క్రమంగా పలచబడడం మరొకటి. మొదటిది దానంతట అదే తగ్గుతుంది. రెండవది వంశపారంపర్య ధోరణి ఉన్న స్త్రీలలో పూర్తిగా తగ్గకపోవచ్చు. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే ఈ విషయంలో చాలా అపోహలు పుట్టాయి.

వెంట్రుక జీవిత చక్రం

మనిషి తలపై సుమారు లక్ష రోమకూపాలు, అంటే వెంట్రుకలు మొలిచే కుదుళ్ళు ఉంటాయి. ప్రతి రోమకూపం పక్కదానితో నిమిత్తం లేకుండా తన చక్రాన్ని తాను నడుపుకుంటుంది. ఇందులో మొదటిది వృద్ధి దశ (ఎనాజెన్). తలపై ఇది 2 నుంచి 6 సంవత్సరాలు సాగుతుంది, ఈ కాలమంతా వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తరువాత వచ్చే పరివర్తన దశ (కేటాజెన్) రెండు మూడు వారాలలో ముగిసి, వెంట్రుక పెరుగుదల ఆగి, దాని వేరు గుండ్రని తెల్లని మొనగా మారుతుంది. చివరిదైన విశ్రాంతి దశ (టీలోజెన్) సుమారు 3 నెలలు ఉంటుంది. ఈ దశలోని వెంట్రుక కుదురులో నిలిచి ఉన్నా పెరగదు, దశ ముగిసే నాటికి రాలిపోతుంది, అదే కుదురులో కొత్త వెంట్రుక మొలకెత్తుతుంది.

ఆరోగ్యంగా ఉన్న తలలో ఏ సమయంలోనైనా 85 నుంచి 90 శాతం వెంట్రుకలు వృద్ధి దశలోను, తక్కినవాటిలో అధికభాగం విశ్రాంతి దశలోను ఉంటాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఈ లెక్కకు సహజ పర్యవసానమే తప్ప వ్యాధి లక్షణం కాదు. వారానికోసారి తలంటుకునే స్త్రీలకు ఆ ఒక్క రోజు చాలా ఎక్కువ వెంట్రుకలు కనిపించడానికి కారణం, మధ్య రోజులలో వదులై జడలోనే చిక్కుకుని ఉన్నవన్నీ ఒకేసారి బయటపడడమే.

విశ్రాంతి దశ మూడు నెలలు సాగడమనే ఈ ఒక్క వాస్తవమే వ్యాసంలో ముందు రాబోయే అనేక విషయాలకు ఆధారం. ఏ కారణం చేతనైనా చాలా రోమకూపాలు ఒకేసారి విశ్రాంతిలోకి వెళితే ఆ ఫలితం వెంటనే కనిపించదు. రెండు మూడు నెలల తరువాతనే దువ్వెనలో కనిపిస్తుంది. అప్పటికి అసలు కారణం మరుపున పడి, ఆ వారంలో మార్చిన నూనె మీదకో, నీటి మీదకో, కొత్తగా మొదలుపెట్టిన మందు మీదకో అనుమానం పోతుంది.

గర్భనిరోధక హార్మోన్లు

హార్మోన్ గర్భనిరోధకాలు రెండు వర్గాలు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్నవి సంయుక్త గర్భనిరోధకాలు; సాధారణ నోటి మాత్రలు, చర్మంపై అంటించే పట్టీలు, యోని వలయాలు ఇందులోకి వస్తాయి. ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్నవి రెండవ వర్గం. మినీ పిల్ అనే మాత్రలు, మూడు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షన్, చర్మం కింది కడ్డీలు, గర్భాశయంలోని హార్మోన్ సాధనాలు దీనికి చెందుతాయి. కాపర్ టీలో హార్మోన్ ఉండదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించగా 1991 నుంచి సహేలీ పేరుతోను, తరువాత ప్రభుత్వ కార్యక్రమంలో ఛాయా పేరుతోను అందుతున్న సెంట్‌క్రోమన్ స్టెరాయిడ్ హార్మోన్ కాదు; అది ఈస్ట్రోజెన్ గ్రాహకాలపై పనిచేసే మందు కావడం వల్ల దానిని ఈ రెండు వర్గాలకు వెలుపల ఉంచుతారు.

సంయుక్త మాత్రలలో ఈస్ట్రోజెన్‌గా ఎక్కువగా వాడేది ఎథినైల్ ఈస్ట్రడయోల్. ప్రొజెస్టిన్లు మాత్రం అనేకం, వాటి గుణాలూ ఒక్కటి కావు. నోరెథిస్టెరోన్, లీవోనార్జెస్ట్రెల్ వంటివి టెస్టోస్టెరోన్‌కు దగ్గరి నిర్మాణం గలవి కాబట్టి పురుష హార్మోన్ల గ్రాహకాలను కొంతవరకు ప్రేరేపించగలవు. ఈ గుణం లీవోనార్జెస్ట్రెల్‌లో ఎక్కువ. డెసోజెస్ట్రెల్, నార్జెస్టిమేట్‌లలో అది తక్కువ. డ్రోస్పిరినోన్, డయానోజెస్ట్, సైప్రోటిరోన్ ఎసిటేట్ అందుకు వ్యతిరేకంగా పురుష హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకుంటాయి. జుట్టుకు సంబంధించినంతవరకు మాత్రలో ఈస్ట్రోజెన్ ఎంత ఉందన్న ప్రశ్న కంటే ప్రొజెస్టిన్ ఏ రకానిదన్న ప్రశ్నకే ప్రాముఖ్యం ఎక్కువ.

(చూ. అంతఃస్రావ గ్రంథులు; కుటుంబ నియంత్రణ పద్ధతులు)

చరిత్ర

గర్భనిరోధక మాత్ర, వెంట్రుక చక్రంపై ఆధునిక పరిశోధన ఇంచుమించు ఒకే కాలంలో రూపుదిద్దుకున్నాయి. 1951లో మెక్సికో నగరంలోని సింటెక్స్ సంస్థలో కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్, లూయిస్ మిరమోంటెస్ నోరెథిస్టెరోన్‌ను తయారుచేశారు. అమెరికాలో గ్రెగరీ పింకస్, జాన్ రాక్ జరిపిన పరీక్షల అనంతరం సెర్ల్ సంస్థ వారి ఎనోవిడ్‌కు 1957లో ఋతు సమస్యల చికిత్సకు, 1960లో గర్భనిరోధానికి అక్కడి ఆహార ఔషధ పాలనా సంస్థ అనుమతి లభించింది. తొలి ఎనోవిడ్ మాత్రలో సుమారు 10 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్, 0.15 మిల్లీగ్రాముల ఈస్ట్రోజెన్ ఉండేవి. ఈనాటి మాత్రలలో ఉండే పరిమాణాలతో పోలిస్తే ఇవి ఎన్నో రెట్లు ఎక్కువ.

అదే 1960లో లిన్‌ఫీల్డ్ అనే పరిశోధకురాలు గర్భిణుల వెంట్రుకల వేళ్ళను పరీక్షించి, గర్భం పెరిగే కొద్దీ వృద్ధి దశలోని వెంట్రుకల నిష్పత్తి పెరుగుతుందని, ప్రసవం తరువాత విశ్రాంతి దశలోనివి ఎక్కువవుతాయని చూపింది. 1961లో అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, తీవ్ర జ్వరం, ప్రసవం, శస్త్రచికిత్స వంటి వేర్వేరు ఘటనలకు రోమకూపం ఒకే విధంగా, అంటే వృద్ధిని ఆపి విశ్రాంతిలోకి పోవడం ద్వారా, స్పందిస్తుందని వివరించి ఆ స్థితికి టీలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. మాత్రలు విస్తృతంగా వాడుకలోకి వచ్చిన ఆ దశకంలోనే, వాటిని మానిన స్త్రీలలో బాలింతలకు రాలినట్టే జుట్టు రాలుతోందన్న నివేదికలు వైద్య పత్రికలలో వెలువడసాగాయి. గర్భధారణ, మాత్ర, జుట్టు రాలడం అనే మూడింటి సంబంధం 1971 నాటికి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రత్యేక చర్చాంశమైంది.

1993లో హెడింగ్టన్ టీలోజెన్ ఎఫ్లూవియాన్ని రోమకూపం ప్రవర్తనను బట్టి ఐదు రకాలుగా విభజించాడు. వాటిలో వృద్ధి దశ మామూలు కంటే ఎక్కువకాలం సాగి, ఆ పొడిగింపునకు కారణమైన ప్రేరణ తొలగగానే వెంట్రుకలన్నీ కలిసి విశ్రాంతిలోకి వెళ్ళే రకం ప్రసవానంతర స్థితికీ, మాత్ర మానిన తరువాతి స్థితికీ వర్తిస్తుంది. ఈ వివరణ పాఠ్యగ్రంథాలలో స్థిరపడినా దానిపై అభ్యంతరాలు లేకపోలేదు: ప్రసవానంతరం జుట్టు రాలడంపై ఉన్న పాత అధ్యయనాలు చిన్నవని, వాటి ఆధారంగా అంత గట్టి సిద్ధాంతం చేయరాదని 2016లో స్పెయిన్ పరిశోధకులు వాదించారు. ఎలుకలలో చర్మంపై పూసిన ఈస్ట్రోజెన్ రోమకూపాలను విశ్రాంతి దశలోనే నిలిపివేయడం, అంటే మనిషిలో ఊహించే ప్రభావానికి విరుద్ధంగా కనిపించడం, ఈ రంగంలో జంతు పరిశోధనలను మనుషులకు నేరుగా అన్వయించడం ఎంత కష్టమో తెలుపుతుంది.

జుట్టు రాలే విధానాలు

*మానిన తరువాత.* సంయుక్త మాత్రలోని ఈస్ట్రోజెన్ వాడినన్నాళ్ళూ కొన్ని రోమకూపాలను వృద్ధి దశలోనే ఉంచుతుందని, దానిని మానగానే రాలవలసిన కాలం దాటినవీ, సహజంగా రాలవలసినవీ కలిసి విశ్రాంతిలోకి వెళతాయని భావిస్తారు. సెలవులలో ఆగిన రైళ్ళన్నీ ఒకే ఉదయం బయలుదేరినట్టు, రెండు మూడు నెలల తరువాత అవన్నీ ఒకేసారి రాలుతాయి. ఈ వివరణ ప్రకారం స్త్రీ కోల్పోతున్నది మాత్ర ఆపి ఉంచిన జుట్టునే తప్ప తన సహజ సాంద్రతను కాదు. కొత్త వెంట్రుకలు కింద మొలుస్తూనే ఉంటాయి కాబట్టి బట్టతల ఏర్పడదు.

దీనికి తోడు కాలేయంలో జరిగే మార్పు కూడా గమనించదగినది. నోటి ద్వారా తీసుకున్న ఎథినైల్ ఈస్ట్రడయోల్ కాలేయంలో సెక్స్ హార్మోన్లను పట్టి ఉంచే గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ ఉత్పత్తిని పెంచుతుంది. రక్తంలోని టెస్టోస్టెరోన్‌ను ఈ ప్రోటీన్ బంధించి ఉంచడం వల్ల కణాలకు అందే స్వేచ్ఛా టెస్టోస్టెరోన్ తగ్గుతుంది. మాత్ర మానితే ఈ రక్షణ తొలగిపోతుంది. పాలీసిస్టిక్ అండాశయ స్థితి, అంటే వాడుకలో పీసీఓడీ అనే సమస్య ఉన్న స్త్రీకి మాత్రలు నెలసరిని క్రమబద్ధం చేసి, మొటిమలను తగ్గించి, జుట్టు పలచబడడాన్ని కప్పి ఉంచుతాయి. మానిన తరువాత అవన్నీ తిరిగి బయటపడినప్పుడు మాత్రే వాటిని తెచ్చిపెట్టిందని ఆమెకు తోచడం సహజం. ఈ సందర్భంలో మాత్ర చేసిన పని సమస్యను సృష్టించడం కాదు, దాచడం.

*వాడుతుండగా.* స్త్రీ శరీరంలోనూ కొద్ది పరిమాణంలో పురుష హార్మోన్లు ఉంటాయి. రోమకూపంలోని 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము టెస్టోస్టెరోన్‌ను మరింత శక్తిమంతమైన డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా మారుస్తుంది. జన్యుపరంగా దీనికి సున్నితమైన రోమకూపాలలో వృద్ధి దశ ప్రతి చక్రంలోనూ కుంచించుకుపోయి, కుదురు చిన్నదై, మందమైన వెంట్రుక స్థానంలో నూగు వంటి సన్నని వెంట్రుక మొలుస్తుంది. పురుష హార్మోన్ గుణం గల ప్రొజెస్టిన్ ఈ ధోరణికి రెండు వైపుల నుంచి తోడవుతుంది: తాను నేరుగా గ్రాహకాన్ని ప్రేరేపించవచ్చు, పైన చెప్పిన బంధక ప్రోటీన్‌ను తగ్గించి స్వేచ్ఛా టెస్టోస్టెరోన్‌ను పెంచవచ్చు. సంయుక్త మాత్రలో లీవోనార్జెస్ట్రెల్ ఉన్నా దానితో కలిసిన ఈస్ట్రోజెన్ ఈ ప్రభావాన్ని చాలావరకు సమతూకం చేస్తుంది. అదే ప్రొజెస్టిన్‌ను ఒంటరిగా ఇచ్చే సాధనాలలో ఆ తూకం ఉండదు.

*మొదలుపెట్టినప్పుడు.* మాత్రలు ఆరంభించిన తొలి నెలలలో కొందరు స్త్రీలు జుట్టు రాలుతోందని చెబుతారు. రోమకూపాల చక్రం కొత్త హార్మోన్ స్థాయికి సర్దుకోవడం దీనికి కారణమని అంటారుగాని, ఈ రకానికి ఉన్న ఆధారం తక్కిన రెండింటి కంటే బలహీనం.

పద్ధతుల వారీగా

భారత ప్రభుత్వం ఉచితంగా పంచే మాలా-ఎన్, నామమాత్రపు ధరకు అమ్మే మాలా-డి మాత్రలు ఒకే సూత్రంలోనివి: 0.15 మిల్లీగ్రాముల లీవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఎథినైల్ ఈస్ట్రడయోల్ గల 21 మాత్రలు, వాటికి అదనంగా 7 ఇనుము మాత్రలు. ఇలాంటి మాత్రలు వాడుతున్నంతకాలం చాలామంది స్త్రీల జుట్టులో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. మానిన తరువాత తాత్కాలికంగా రాలవచ్చు. మాత్రలు వాడే కాలంలో నెలసరి రక్తస్రావం తగ్గి శరీరంలో ఇనుము నిల్వ కొంత మెరుగుపడుతుంది. మాత్ర మాని కాపర్ టీ వేయించుకున్న స్త్రీకి రక్తస్రావం పెరిగి, ఆ నిల్వ తరిగిపోయి, జుట్టు రాలడానికి అది మరొక కారణం కావచ్చు. ఈ సంభావ్యతను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు.

మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ ఎసిటేట్ ఇంజెక్షన్ 150 మిల్లీగ్రాముల మోతాదులో మూడు నెలలకోసారి ఇస్తారు. అమెరికాలో 1992లో అనుమతి పొందిన ఈ మందు భారత ప్రభుత్వ కార్యక్రమంలో 2017 నుంచి అంతరా పేరుతో అందుతోంది. జుట్టు రాలడాన్ని ఈ మందు అమెరికా సమాచార పత్రం 1 నుంచి 5 శాతం మందిలో నమోదైన దుష్ఫలితాల వరుసలో చేర్చింది. ఇంజెక్షన్ ప్రభావం ఆఖరి మోతాదు తరువాత కూడా చాలా నెలలు నిలిచి ఉండడం వల్ల, మాత్ర విషయంలో లాగా మానిన తేదీ నుంచి మూడు నెలలు లెక్కించే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

లీవోనార్జెస్ట్రెల్ విడుదల చేసే గర్భాశయ సాధనంలో 52 మిల్లీగ్రాముల హార్మోన్ ఉంటుంది, తొలిదశలో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాములు విడుదలవుతుంది. ఇందులో ఎక్కువ భాగం గర్భాశయంలోనే పనిచేసినా కొంత రక్తంలో కలుస్తుంది. జుట్టు రాలడం దీని సమాచార పత్రంలోనూ నమోదైన దుష్ఫలితమే. భారతదేశంలో ఈ సాధనాన్ని గర్భనిరోధానికే కాక అధిక రక్తస్రావానికి చికిత్సగా కూడా అమరుస్తారు. అప్పటికే రక్తహీనతతో ఉన్న స్త్రీలు వీరిలో చాలామంది కాబట్టి, జుట్టు రాలితే సాధనం ఎంతవరకు కారణమో తేల్చడం అంత సులభం కాదు. ఎటోనోజెస్ట్రెల్ 68 మిల్లీగ్రాములు గల కడ్డీ, అంతకు ముందు తరానికి చెందిన ఆరు కడ్డీల నార్‌ప్లాంట్ విషయంలోనూ ఇలాంటి ఫిర్యాదులు నమోదయ్యాయి.

అత్యవసర గర్భనిరోధక మాత్రలో 1.5 మిల్లీగ్రాముల లీవోనార్జెస్ట్రెల్ ఒకే మోతాదుగా ఉంటుంది. ఒక్కసారి వాడినందుకు జుట్టు రాలుతుందనడానికి స్థిరపడిన ఆధారం లేదు. గర్భనిరోధకం కాకపోయినా ఇక్కడ పేర్కొనదగినది నెలసరి వాయిదా మాత్ర. పెళ్ళిళ్ళు, వ్రతాలు, తిరుమల వంటి తీర్థయాత్రల సందర్భాలలో తెలుగు స్త్రీలు 5 మిల్లీగ్రాముల నోరెథిస్టెరోన్‌ను రోజుకు మూడు పూటలా వాడడం మామూలు. మినీ పిల్‌లో ఉండే 0.35 మిల్లీగ్రాములతో పోలిస్తే ఈ మోతాదు నలభై రెట్లకు పైగా ఎక్కువ. కొద్ది రోజుల వాడకం జుట్టుపై ఎంత ప్రభావం చూపుతుందన్నది నిర్ధారణ కాకపోయినా, ఏడాదిలో పలుమార్లు వాడే స్త్రీ దీనిని హార్మోన్ మందుగా భావించక, వైద్యుడు అడిగినా చెప్పకపోవచ్చు.

లక్షణాలు, కాలక్రమం

టీలోజెన్ ఎఫ్లూవియంలో జుట్టు తల అంతటా సమంగా రాలుతుంది. చారలుగా గాని, గుండ్రని మచ్చలుగా గాని పోదు. తలపై మంట, పొలుసులు, మచ్చ ఉండవు. రాలిన వెంట్రుక చివర చిన్న తెల్లని గుబ్బ కనిపిస్తుంది. చాలామంది దీనిని చూసి కుదురే ఊడివచ్చిందని భయపడతారుగాని అది విశ్రాంతి దశలోని వెంట్రుకకు ఉండే సహజమైన మొన మాత్రమే, కుదురు లోపలే ఉంటుంది. స్త్రీలు సాధారణంగా మొదట గమనించేది జడ సన్నబడడాన్ని. తలవెంట్రుకలలో సగానికి మించి పోవడం అరుదు.

రాలడం ఆరంభమైనప్పటి నుంచి మూడు నుంచి ఆరు నెలలలో తగ్గుముఖం పడుతుంది. నుదుటి పైభాగాన, పాపిట పొడుగునా నిలువుగా లేచి ఉండే పొట్టి వెంట్రుకలు కొత్త మొలకకు గుర్తు. నెలకు 1 సెంటీమీటరు చొప్పున పెరిగే వెంట్రుక జడలో కలవాలంటే ఏడాదికి పైగా పడుతుంది. రాలడం ఆగినా జడ లావు వెంటనే తిరిగి రాకపోవడానికి కారణం ఇదే. ఆరు నెలలు దాటినా రాలుతూనే ఉంటే దానిని దీర్ఘకాలిక టీలోజెన్ ఎఫ్లూవియంగా పరిగణించి వేరే కారణాలను వెతకాలి. డేవిడ్ వైటింగ్ 1996లో ఈ స్థితిని ప్రత్యేకంగా వర్ణించాడు.

వంశపారంపర్యంగా జుట్టు పలచబడే స్త్రీలలో చిత్రం వేరు. నుదుటి అంచు చెదరకుండా ఉంటుంది, పాపిట మాత్రం వెడల్పవుతూ నడినెత్తి పలచబడుతుంది. ఎరిక్ లుడ్విగ్ 1977లో దీనిని మూడు స్థాయిలుగా వర్గీకరించాడు. మాత్ర మానిన తరువాత వచ్చిన టీలోజెన్ ఎఫ్లూవియం అప్పటిదాకా కంటికి కనిపించని ఈ పలచదనాన్ని బయటపెట్టడం తరచుగా జరిగేదే.

నిర్ధారణ, వేరుచేయవలసిన స్థితులు

నిర్ధారణకు మొదటి ఆధారం రక్తపరీక్ష కాదు, తేదీల క్రమం. రాలడం మొదలైన రోజుకు ముందరి ఆరు నెలలలో ఏయే మందులు ప్రారంభించారు, ఏవి మానారు, ఏ జ్వరాలు వచ్చాయి, ఎంత బరువు తగ్గారు అన్నవి వరుసగా రాసుకుంటే చాలా సందర్భాలలో కారణం బయటపడుతుంది. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ వంటి జ్వరాలు, ప్రసవం, శస్త్రచికిత్స, కఠినమైన ఉపవాసాలు, బరువు తగ్గేందుకు తిండి బాగా తగ్గించడం, మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ వంటి మందులు, ఇవన్నీ ఇదే రకంగా జుట్టు రాలుస్తాయి.

ప్రసవానంతర కాలం ప్రత్యేకించి గందరగోళానికి తావిస్తుంది. పాలిచ్చే తల్లికి అంతరా ఇంజెక్షన్ ప్రసవమైన ఆరు వారాల నుంచి ఇవ్వవచ్చు. బాలింతకు సహజంగా జుట్టు రాలడం మొదలయ్యేది ప్రసవమైన రెండు నుంచి నాలుగు నెలలకు. రెండూ ఒకే కాలంలో రావడం వల్ల నింద ఇంజెక్షన్ మీద పడుతుంది. ఆమె ఇంజెక్షన్ తీసుకోకపోయినా జుట్టు రాలే అవకాశం ఉండేది.

చర్మవైద్యులు 40 నుంచి 60 వెంట్రుకల కుచ్చును వేళ్ళతో మెల్లగా లాగి చూస్తారు. పదింట ఒకటికి మించి ఊడివస్తే చురుకుగా రాలుతున్నట్టు లెక్క. డెర్మోస్కోప్‌తో చూసినప్పుడు 20 శాతానికి మించిన వెంట్రుకల మందంలో తేడా కనిపిస్తే అది వంశపారంపర్య పలచదనాన్ని సూచిస్తుంది. సందేహం తీరని కేసులలో 4 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి పరీక్షిస్తారు. రక్తపరీక్షలలో హిమోగ్లోబిన్, ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ ముఖ్యమైనవి. నెలసరి క్రమం తప్పడం, మొటిమలు, గడ్డంపై వెంట్రుకలు ఉంటే పురుష హార్మోన్లను కూడా చూస్తారు. గుండ్రంగా మచ్చలుగా జుట్టు పోతే అది పేనుకొరుకుడు. దానికి గర్భనిరోధకంతో సంబంధం లేదు.

ఈ పరీక్షల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. జుట్టు కోసమని మందుల దుకాణాలలో విరివిగా అమ్మే బయోటిన్ బిళ్ళలు కొన్ని రకాల రక్తపరీక్షల ఫలితాలను, థైరాయిడ్ వంటి హార్మోన్ల ఫలితాలతో సహా, తారుమారు చేయగలవని అమెరికా ఆహార ఔషధ పాలనా సంస్థ 2017లో హెచ్చరించింది. బయోటిన్ లోపం లేనివారికి దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి ఆధారం బలహీనం; రోగనిర్ధారణను అది చెడగొట్టే అవకాశం మాత్రం నిజమైనది.

(చూ. పేనుకొరుకుడు, థైరాయిడ్ గ్రంథి, రక్తహీనత)

చికిత్స, పద్ధతి మార్పు

మాత్ర మానిన తరువాత వచ్చే టీలోజెన్ ఎఫ్లూవియానికి ప్రత్యేకమైన మందు అవసరం ఉండదు. స్థితి స్వభావాన్ని, కాలపరిమితిని స్పష్టంగా వివరించడం, ఇనుము లోపం ఉంటే సరిచేయడం, తగినంత ప్రోటీన్ తినేలా చూడడం చాలు. జుట్టు రాలడాన్ని ఆపేందుకే మాత్రను మళ్ళీ మొదలుపెట్టడం సమస్యను వాయిదా వేస్తుంది తప్ప తీర్చదు.

వంశపారంపర్య పలచదనం తోడైనప్పుడు తలపై రాసే మినాక్సిడిల్ వాడతారు. వాడకం మొదలైన తొలి వారాలలో అది కూడా కొంత జుట్టును రాలుస్తుందని ముందే చెప్పాలి, లేకపోతే చాలామంది అక్కడితో మానేస్తారు. గర్భం కోసం మాత్ర మానిన స్త్రీకి, పాలిచ్చే తల్లికి దీనిని ఇవ్వరు. స్పైరొనోలాక్టోన్ వంటి పురుష హార్మోన్ నిరోధకాలు మగ పిండానికి హాని చేయగలవు కాబట్టి వాటిని వాడే స్త్రీకి నమ్మదగిన గర్భనిరోధకం తప్పనిసరి.

ప్రొజెస్టిన్ వాడుతుండగా జుట్టు పలచబడితే పురుష హార్మోన్ గుణం తక్కువగా ఉన్న, లేదా దానికి వ్యతిరేకమైన ప్రొజెస్టిన్ గల సంయుక్త మాత్రకు మారడం ఒక మార్గం. ఇది జుట్టు ఒక్కదాన్నే చూసి తీసుకోవలసిన నిర్ణయం కాదు. ఐరోపా మందుల సంస్థ 2013 సమీక్ష ప్రకారం సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం హార్మోన్లు వాడని పదివేల మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి ఉంటే, లీవోనార్జెస్ట్రెల్ మాత్రలు వాడేవారిలో 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరినోన్ మాత్రలు వాడేవారిలో 9 నుంచి 12 మందికి ఉంటుంది. అదే సంవత్సరం ఫ్రాన్స్‌లో సైప్రోటిరోన్ గల డయాన్-35 మాత్రను అక్కడి అధికారులు కొంతకాలం నిలిపివేశారు. జుట్టుకు మేలు చేసే ప్రొజెస్టిన్లే ఈ విషయంలో కొంత ఎక్కువ ప్రమాదకరం కావడం ఈ చికిత్సలోని చిక్కు. 35 ఏళ్ళు దాటి పొగతాగేవారు, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారు, అధిక రక్తపోటు ఉన్నవారు, గతంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు ఈస్ట్రోజెన్ గల పద్ధతులకు దూరంగా ఉండాలి.

పద్ధతిని మార్చే, లేదా మానే మధ్యకాలంలో గర్భనిరోధం లేకుండా పోకుండా చూడడం ముఖ్యం. అవాంఛిత గర్భం వస్తే ఆరోగ్యపరమైన చిక్కులతో పాటు, ప్రసవానంతరం జుట్టు మరింతగా రాలే అవకాశమూ ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలలో

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం. దేశం మొత్తం మీద ఇది 38 శాతం. గర్భనిరోధానికి మాత్రలు వాడేవారు ఇక్కడ చాలా తక్కువ. కాబట్టి ఈ ప్రాంతంలో హార్మోన్ మాత్రలు మానిన తరువాత జుట్టు రాలుతోందని వైద్యుల వద్దకు వచ్చే స్త్రీలలో పీసీఓడీకో, క్రమం తప్పిన నెలసరికో ఆ మాత్రలు వాడినవారే ఎక్కువగా ఉండడానికి అవకాశం ఉంది. అలాంటి స్త్రీలలో జుట్టు పలచబడడానికి మూలకారణం మాత్ర కంటే ముందే ఉంటుంది. అదే సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతంగాను, తెలంగాణలో 57.6 శాతంగాను తేలింది. జుట్టు రాలే ఏ స్త్రీ విషయంలోనైనా ఇనుము లోపాన్ని మొదట పరిశీలించవలసిన అవసరాన్ని ఈ అంకెలు చెబుతున్నాయి.

హార్మోన్ గర్భనిరోధకాల దుష్ఫలితాలను వాడేవారికి ముందే తెలపాలన్న ఉద్యమంలో హైదరాబాద్‌కు ముఖ్యమైన స్థానం ఉంది. 1985లో నగర సమీపంలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నోరెథిస్టెరోన్ ఎనాంథేట్ ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలను తగిన సమాచారం ఇవ్వకుండా నమోదు చేస్తున్నారని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం ఆక్షేపించింది. 1986లో ఆ సంస్థ, ఢిల్లీకి చెందిన సహేలీ మొదలైన మహిళా సంఘాలు కలిసి సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశాయి. ఆ వివాదంలో ప్రధానాంశాలు సమ్మతి, భద్రత; జుట్టు కాదు. అయినా దుష్ఫలితం చిన్నదా పెద్దదా అన్నది వాడే స్త్రీ నిర్ణయించుకోవాలంటే ముందుగా ఆమెకు తెలియాలన్న అక్కడి వాదన దీనికీ వర్తిస్తుంది. అంతరా వంటి ఇంజెక్షన్ల విషయంలో నెలసరి మార్పులను గురించి ముందే చెప్పడం శిక్షణలో భాగమైంది. జుట్టు గురించి కూడా అదే సమయంలో ఒక మాట చెబితే, మూడు నెలలకోసారి తీసుకోవలసిన మోతాదును భయంతో మానుకునేవారి సంఖ్య తగ్గే వీలుంది.

(చూ. పాలీసిస్టిక్ అండాశయ స్థితి, ప్రసవానంతర సంరక్షణ, వైద్య ప్రయోగాలలో సమ్మతి)